యాదమ్మను మూడుసార్లు దిద్దమన్నాను

ఏ ఏజెంటు?

అమీర్‌పేటలో ఏజెంటు అని బోర్డు కనిపిస్తే జనం మూడే ప్రశ్నలు అడుగుతారు: వీసానా, ప్లాటా, పాలసీనా? మా బోర్డు మీద "సాహిత్య ఏజెన్సీ" అని పెద్ద అక్షరాలతోనే రాసి ఉండేది. అయినా ఇరవై ఏళ్లలో నాలుగో ప్రశ్న అడిగినవాళ్లు పదిమంది ఉండరు. మా కింది అంతస్తులో కంప్యూటర్ కోర్సులు చెప్పే కోచింగ్ సెంటరు ఉండేది. పిల్లలు ఒక అంతస్తు ఎక్కువెక్కి మా గదిలోకి వచ్చి, "డెమో క్లాసు ఇక్కడేనా మేడం?" అనేవారు. ఒకసారి ఇద్దరు కుర్రాళ్లు అడక్కుండానే కూర్చున్నారు. నేను ఎదురుగా ఉన్న నవలాకారుడికి ఆయన రెండో అధ్యాయం ఎందుకు ప్రాణం విడిచిందో వివరిస్తుంటే, బుద్ధిగా నోట్సు రాసుకుని వెళ్లారు. నా వృత్తిలో నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నవాళ్లు ఆ ఇద్దరే.

మా పని ఇది. రచయిత పంపిన రాతప్రతి చదవాలి. నచ్చితే ఆ రచయిత తరఫున ప్రచురణకర్తల దగ్గరికి వెళ్లాలి, అనువాదం చేయించాలి, ఒప్పందంలో రచయితను ముంచే వాక్యాలు ఉంటే పట్టుకోవాలి. ఇది బోర్డు మీది పని. అసలు పని దానికి ముందే ఉంటుంది. ఇంకా ఏ సంతకమూ కాని రచయితకు "ఫలానావి మార్చి తీసుకురండి, అప్పుడు చూద్దాం" అని చెప్పడం. ఆ ఒక్క వాక్యంలో ఎంత అధికారం ఉందో, ఎంత మోసం పట్టగలదో ఎవరూ నేర్పరు. పోయిన ఏడాది నేను పని మానేసి తాళంచెవులు అప్పగించాక నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి "ఏమైనా రాసివ్వండి మేడం" అంది. అందుకని ఇది.

ఒక హెచ్చరిక ముందే చేయాలి. మా నాన్నగారు తెనాలిలో ప్రతి ఆదివారం మా వసారాలో చర్చలు పెట్టేవారు. పన్నెండేళ్లప్పుడు నేను "దేవుడున్నాడా?" అనే అంశం మీద ఒక వారం ఉన్నాడని, మరో వారం లేడని మాట్లాడి రెండుసార్లూ గెలిచాను. లేడనే నమ్మకం అప్పటినుంచి చెక్కుచెదరలేదు. చర్చలో గెలిస్తే విషయం తెలిసినట్టే అనే నమ్మకం మాత్రం చెదరడానికి నలభై ఏళ్లు పట్టింది. కింద చెప్పబోయే తప్పు ఆ రెండో నమ్మకానిది.

మూర్తి గారి నియమం

మా యజమాని మూర్తి గారు మంచి మనిషి, మంచి పాఠకుడు, పచ్చి పిరికి. పంజాగుట్ట వైపు కిటికీ ఉన్న గది ఆయనది. వాస్తు ప్రకారం ఏడాదికోసారి బల్ల తిప్పేవారు. ఒక ఏడాది బల్ల తలుపుకు అడ్డం పడింది. ఆ ఏడంతా ఆయన దగ్గరికి వచ్చిన రచయితలు పక్కకు తిరిగి, కడుపు బిగబట్టి లోపలికి రావలసి వచ్చింది. "వినయంగా వస్తున్నారండీ ఈ మధ్య" అని ఆయన సంతోషించారు.

ఆయన ఎవరికీ "వద్దు" అని చెప్పలేదు. ఎంత పనికిరాని రాతప్రతి వచ్చినా "కొంచెం టచప్ చేస్తే అద్భుతంగా ఉంటుందండీ" అనేవారు. అది నమ్మి ఒక లెక్చరర్ గారు తన నవలను రెండేళ్లు టచప్ చేశారు. కథ మొదట వరంగల్‌లో జరిగేది, చివరికి విజయవాడకు చేరింది. మూర్తి గారు అప్పుడు కూడా "ఇంకొంచెం" అన్నారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలూ, ఇది మర్యాద అనుకోకండి. వద్దనుకున్న పుస్తకాన్ని దిద్దించడం కంటే పెద్ద అమర్యాద మా వృత్తిలో లేదు.

ఆయన నియమం ఒకటే: ముందు సవరణ, తర్వాత సంతకం. రచయిత ఎన్నిసార్లయినా తిరిగి రాయాలి, మనం మాత్రం ఏ కాగితం మీదా ఇరుక్కోకూడదు. చేరిన కొత్తలో ఇది అన్యాయం అని వాదించాను. తర్వాత నాకే అది సౌకర్యంగా కనిపించింది. అన్యాయాలన్నీ ఇలాగే అలవాటవుతాయి.

తొమ్మిది

సవరణ అడిగినప్పుడు రచయితలు చెప్పే సాకుల్లో నాకు బాగా గుర్తున్నది ఒక రిటైర్డ్ చీఫ్ ఇంజనీరు గారిది. బంజారా హిల్స్ ఆసామి, ఆత్మకథ రాశారు. మూడువందల నలభై రెండు పుటలు. అందులో తొంభై పుటలు డ్యాము గేట్ల గురించి. తీసేయమన్నాను.

"కుదరదమ్మా. మా సిద్ధాంతి గారు పుటల సంఖ్య కూడితే తొమ్మిది రావాలన్నారు. మూడు, నాలుగు, రెండు. తొమ్మిది."

హేతువాదిగా నేను అక్కడ సంఖ్యాశాస్త్రం మీద గంటసేపు మాట్లాడాల్సింది. నేను కాగితం తీసుకుని రెండు, అయిదు, రెండు అని రాసి ఆయన ముందు పెట్టాను. ఆయన వేళ్ల మీద కూడి చూసుకున్నారు.

"ఇది కూడా తొమ్మిదేనండోయ్" అన్నారు.

తొంభై పుటలు వారంలో పోయాయి. నాకు సిగ్గు వేయాలి, వేయలేదు. ఆ రోజు ఒక పాఠం నేర్చుకున్నాననుకున్నాను: రచయిత నమ్మకం ఏదైనా సరే, దాని గుండా వెళ్లి పని జరిపించుకోవచ్చు. అదే పాఠాన్ని, తర్వాత వచ్చిన సుగుణ అనే రచయిత్రి దగ్గర నేనే మరిచిపోయాను.

ఒక వైపు జావా

సుగుణ అమీర్‌పేటలో కోచింగ్‌కు వచ్చే ఆడపిల్లల కోసం హాస్టల్ నడిపేది. మా ఆఫీసుకు మూడు సందుల అవతల. నలభై అయిదేళ్ల మనిషి. ఒకరోజు కూరగాయల సంచితో మా గదిలోకి వచ్చి, దొండకాయల కింది నుంచి కాగితాల కట్ట తీసి బల్లమీద పెట్టింది. పిల్లలు హాస్టల్ ఖాళీ చేసి వెళ్తూ వదిలేసిన జిరాక్సు నోట్సు అవి. ఒక వైపు జావా కోర్సు పాఠాలు, రెండో వైపు ఆమె చేతిరాతలో నవల.

"మేడం, గీ కాయితాలు జర సదువుండ్రి. నచ్చకుంటే వాపస్ ఇయ్యుండ్రి. అవుతలి పక్క మంచిగనే ఉంది, మా పిల్లలకు పనికొస్తది."

ఆ రోజు సాయంత్రంలోపు చదివేశాను. యాదమ్మ అనే మనిషి కథ. పగలు బంజారా హిల్స్‌లో కడుతున్న బంగళాలకు రాయి మోస్తుంది. ఇంటికి వస్తే భర్త రాములు "ఏందే" అని తప్ప పిలవడు. ఏడాదికి ఒకసారి, బోనాలప్పుడు ఆమెకు పూనకం వస్తుంది. శిగం ఊగడం అంటారు వాళ్లు. ఆ పూనకంలో ఆమె భర్తతో, బస్తీతో మాట్లాడుతుంది. అంత జీవమున్న తెలుగు నా బల్ల మీదికి చాలా ఏళ్లుగా రాలేదు. ప్రచురణకర్తలకు చూపిస్తే, ఆ తర్వాత వేరే భాషల్లోకి పంపితే, నిలబడే పుస్తకం.

కాని పూనకం అనే మాట కనిపించగానే తెనాలి వసారా నా తలలో కుర్చీలు వేసేసింది. సుగుణకు ఉత్తరం రాశాను: నవల బాగుంది, అయితే పూనకం మోసమో జబ్బో రచయిత్రి తేల్చి చెప్పాలి, తేల్చకపోతే పుస్తకం మూఢనమ్మకాన్ని ప్రచారం చేసినట్టవుతుంది, సవరించి తెస్తే ఒప్పందం గురించి ఆలోచిస్తాం. ఉత్తరం కింద నా సంతకం ఉంది. ఒప్పందం మీద లేదు.

ఆమె అయిదు నెలలు తీసుకుంది. పిల్లలకు మధ్యాహ్నం భోజనాలయ్యాక, రాత్రి వంటకు ముందు దొరికే రెండు గంటల్లో రాసింది. కొత్త ప్రతిలో ఒక టీచరమ్మ వచ్చింది. బస్తీకి వచ్చి, యాదమ్మ పూనకం మనసుకు సంబంధించిన వికారం అని మూడు పుటలు మాట్లాడుతుంది. నాకు పట్టరాని ఆనందం. మూర్తి గారికి చదవమని ఇచ్చాను.

ఆయన రెండు రోజుల తర్వాత కళ్లజోడు తీసి, "ఈ టీచరమ్మ ఎవరండీ? ఆవిడ వచ్చినప్పుడల్లా నాకు కునుకు పట్టేస్తోంది" అన్నారు.

"ఆవిడే కదండీ నవలకు వెన్నెముక."

"ఏమోనండీ. అచ్చం మీరు మధ్యాహ్నం టీ దగ్గర మాట్లాడినట్టే ఉంది. 'ప్రశ్నించని సమాజం' అని రెండుసార్లు అంది కూడా."

సుగుణకు ఫోన్ చేసి, టీచరమ్మను ఎవరిని చూసి రాశావని అడిగాను.

"ఇంకెవరు మేడం, మిమ్మల్నే. మంచిగ రాలేదా? చీర సుత మీదే పెట్టిన, నీలం రంగుది."

నవ్వలేదు. టీచరమ్మను తీసేయమని రెండో ఉత్తరం రాశాను. ఇంకో నాలుగు నెలలు. తీసేసింది. అప్పటికి నవల దాదాపు మొదటి ప్రతికే తిరిగి వచ్చింది, ఒక మనిషి తొమ్మిది నెలల మధ్యాహ్నాలు మాత్రం పోయాయి. అక్కడ ఆగి సంతకం పెట్టాల్సింది. నేను ఎర్రకలం తీసుకుని "చివరి చూపు" అని పేరు పెట్టి మూడో ఉత్తరం రాశాను. అందులోని మూడు సవరణలను ఉన్నవి ఉన్నట్టుగా ఇక్కడ పెడతాను, ఎందుకంటే నా వృత్తి జీవితంలో నేను చేసిన పెద్ద తప్పు ఈ మూడు ముక్కల్లో ఉంది.

"పుట 61: భర్త అంతవరకూ భార్యను 'ఏందే' అంటాడు. ఇక్కడ 'తల్లీ' అంటున్నాడు. సంబోధనలో ఏకరూపత లేదు. సరిచూడగలరు."

"పుట 62: యాదమ్మ తనను తాను పేరు పెట్టి చెప్పుకుంటోంది. 'నా' అని మార్చాలి."

"పుట 64: ఇంటి కాగితంలో యాదమ్మ పేరు కూడా ఎక్కాలని దేవత అడుగుతోంది. దేవతకు ఇంటి కాగితంతో పనేమిటి? నమ్మశక్యంగా లేదు."

గోరుచిక్కుడు

జవాబు రాలేదు. మూడు వారాలు చూసి నేనే హాస్టల్‌కు వెళ్లాను. మధ్యాహ్నం మూడు గంటలు. వంటింట్లో సుగుణ నేలమీద కూర్చుని కుప్పగా పోసిన గోరుచిక్కుడు కాయలు తుంచుతోంది. తలుపు దగ్గరినుంచి ఒక హాస్టల్ అమ్మాయి, "ఆంటీ, ఇవాళ కూడా గోరుచిక్కుడేనా?" అని ఏడుపు గొంతుతో అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయింది.

"కూసోండ్రి మేడం" అంది సుగుణ. "చేతులు ఖాళీ లెవ్వు. నోరు ఖాళీగనే ఉంది."

"నా మూడో ఉత్తరం అందిందా?"

"అందింది. ఒక్కటడుగుత. మీరు అందరినీ కారణం చెప్పుమంటరు. నేను మిమ్మల్ని ఎన్నడన్న అడిగిన్నా?"

"లేదు."

"ఇయ్యాల అడుగుత. అరవై ఒకటో పుటల 'తల్లీ' తీసెయ్యుమన్నరు. ఎందుకు?"

"అప్పటిదాకా 'ఏందే' అన్నాడు కదమ్మా. ఏకరూపత కోసం..."

"ఏకరూపత." ఆ మాటను గింజ ముదిరిన కాయలాగా అటూ ఇటూ తిప్పి చూసింది. "గా రాములు మా నాయినే మేడం. ఏడాదిల మూడొందల అరవై నాలుగు దినాలు ఏకరూపతనే పాటించిండు. ఒక్కదినం తప్పిండు. గా దినం మా అమ్మ 'ఓరి రాములూ' అంటే, చేతులు కట్టుకొని 'తప్పైంది తల్లీ, ఏం జెయ్యాల్నో చెప్పు తల్లీ' అన్నడు. గా ఒక్కదినం కోసమే నేను పుస్తకం రాసిన. మీరు గదే దిద్దుమంటున్నరు."

మాట్లాడకుండా ఉండటం నాకు అలవాటు లేని పని, అందుకని వెంటనే అడిగేశాను: "అంటే మీ అమ్మగారు కావాలనే ఊగేదా?"

"ఇగో, మళ్ల పోలీసోళ్ల లెక్క." కాయలు తుంచుతూనే నవ్వింది. "అమ్మవారు వచ్చిందో, అమ్మనే తెచ్చుకున్నదో, నేను అడగలె. నాకు ఫికర్ సుత లేదు. యాదమ్మ పేరు కాయితం మీద ఎక్కాలె అని అమ్మవారు చెప్పింది, ఎక్కింది. 'నా పేరు ఎక్కియ్యి' అని యాదమ్మ అడిగి ఉంటే ఏమైతుండె? చెంప వాస్తుండె. మీరేమో 'నా' అని మార్చుమంటిరి."

"నేను..."

"నమ్మశక్యంగా లేదని సుత రాసిండ్రు కదా. మీరు కూసున్నది గా ఇంట్లనే. గోడ ముట్టి చూడుండ్రి."

ముట్టి చూశాను. నవ్వుతారని తెలుసు, కాని నిజంగానే చెయ్యి పెట్టాను. సున్నం చేతికి అంటింది.

ఏమి జరిగిందో చెబుతాను. నలభై ఏళ్లు నేను పూనకంలో దేవత కోసమే వెతికాను, ఆమె లేదని నిరూపించడానికి. భక్తులు కూడా ఆమె కోసమే వెతుకుతారు, ఉందని చెప్పుకోవడానికి. ఇద్దరమూ ఒకే చోట చూస్తున్నాం. యాదమ్మ ఇంకో చోట నిలబడి ఉంది. ఆమె ఎక్కడుందో పుట 61లో ఒక సంబోధన చెబుతోంది, నేను దాన్ని వ్యాకరణ దోషం కింద పట్టుకున్నాను. నేను ఇప్పటికీ దేవుణ్ణి నమ్మను. నా ఎర్రకలాన్ని కూడా నమ్మడం మానేశాను.

సుగుణ చివరి కాయ తుంచి చేతులు దులుపుకుంది.

"ఇగ నేను దిద్ద మేడం. కాయితాలు వాపస్ ఇయ్యుండ్రి."

"నాకు ఆ పుస్తకం కావాలి సుగుణా. ఒక్క అక్షరం మార్చకుండా."

"గిది ముందుగాల అంటే అయిపోతుండె. ఏడాది కావొస్తంది. మూడుసార్లు నన్ను దిద్దుమని ఒక్కపారి సుత సంతకం చెయ్యలె మీరు." తుంచిన కాయలు గిన్నెలోకి ఎత్తింది. "ఒక పని జేద్దాం. మీరొక ఉత్తరం రాయుండ్రి. ఎందుకు తప్పు సదివిండ్రో రాయుండ్రి. మంచిగుంటే సంతకం జేస్త. లేకుంటే సవరణలు చెప్త."

నా సవరణలు

మూర్తి గారికి చెబితే బల్ల వెనక నిలువునా లేచారు. "రచయిత్రి మనకు సవరణలు చెప్పడమేంటండీ?"

"మనం సంతకం లేకుండా ఏడాది చెప్పాం కదండీ."

"అది వేరు."

"ఎలా వేరో కారణం చెప్పండి."

ఆయన మళ్లీ కూర్చున్నారు. ఇక్కడ నా తీర్పు రాసిపెడతాను: ఒక్కసారి సవరణ అడగండి, కారణాలతో, రాతపూర్వకంగా, రచయితకు ఇష్టమైతేనే. రెండోసారి అడగాలంటే ముందు సంతకం పెట్టండి. మూడోసారి అడగాలనిపిస్తే కలం కింద పెట్టి, తప్పు మీ చదువులో ఉందేమో చూసుకోండి.

నా మొదటి సంజాయిషీ ఉత్తరం రెండు వాక్యాలు. "మీ రాతప్రతిని పరిశీలించడంలో మా వైపు నుంచి పొరపాటు జరిగింది. అందుకు చింతిస్తున్నాం." గంటలో నా ఫోన్‌కు ఫొటోగా తిరిగి వచ్చింది. హాస్టల్ హాజరు పట్టీలో వాడే ఆకుపచ్చ సిరా. "పొరపాటు జరిగింది" కింద గీత. పక్కన: "ఎవరు చేసిండ్రు? దానంతటదే నడిచొచ్చిందా?"

రెండో ఉత్తరం నాలుగు పేజీలు. పూనకం మీద శాస్త్రం, సంస్కర్తలు, స్త్రీకి గొంతు లేని సమాజం, అన్నీ పెట్టాను. నా వ్యాసాల్లో మంచివాటి సరసన నిలబెట్టదగింది. అది మూడు రోజులకు వచ్చింది. ఒకే ఒక సవరణ: "మొదటి పేజీల 'మీరు' అన్నరు. మూడో పేజీల 'రచయిత్రి' అన్నరు. సంబోధనలో ఏకరూపత లేదు. సరిచూడగలరు."

ఈసారి నవ్వాను. మూర్తి గారు గదిలోంచి తొంగి చూశారు.

మూడోది రాయడానికి వారం పట్టింది. అప్పుడు తెలిసింది, కారణం చెప్పని వాళ్లకోసం తిరిగి రాయడం ఎంత కష్టమో, చెప్పిన వాళ్లకోసం రాయడం ఇంకెంత కష్టమో. చివరికి ఇలా మొదలైంది:

"సుగుణా, నేను తప్పు చదివాను. యాదమ్మను దేవత అనుకున్నవాళ్లు ఏడాదికి ఒక్కరోజయినా ఆమె మాట విన్నారు. దేవత కాదని తెలిసిన నేను ఒక్కరోజు కూడా వినలేదు."

ఆ తర్వాత రెండు పేరాలు ఉన్నాయి. ఆ రోజు భోజనాల వేళ దాటాక ఫొటో వచ్చింది. ఆ రెండు పేరాల మీదా అడ్డంగా ఆకుపచ్చ గీతలు, కింద ఒక ముక్క: "'వినలేదు' కాడ ఆపుండ్రి. కాయితం పంపుండ్రి, సంతకం జేస్త."

కొట్టేసిన పేరాల్లో నిజంగానే మంచి వాదన ఉండేది. ఎందుకు కొట్టేసిందో కారణం అడుగుదామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ బల్లమీద పెట్టేసి, ఒప్పందం రెండు ప్రతులు ప్రింటు తీసి, ముందు నా సంతకం పెట్టాను.